ఒకరికి కేసు, ఒకరికి శాలువా

పాతికేళ్లుగా ఊళ్లో సూదులేస్తున్న ఆర్‌ఎంపీ గదిలోకి మెడికల్ కౌన్సిల్ బృందం వస్తుంది. యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్ సీసాలు బల్ల మీద వరసగా పెట్టించి ఫొటో తీస్తుంది. కేసు పెట్టిస్తుంది. తెలంగాణలో ఈ తనిఖీల వార్తలు రాస్తూనే ఉన్నాం, వాటిని తప్పు పట్టడమూ లేదు. మరి సెలవుల్లో విమానం దిగి, ఉచిత వైద్య శిబిరమంటూ బడి ఆవరణలో షామియానా కింద కూర్చుని రోగుల్ని చూసే విదేశీ విద్యార్థి సంగతేమిటి? ఇక్కడ అతనికీ రిజిస్ట్రేషన్ లేదు. అయినా ఆర్‌ఎంపీకి కేసు, అతనికి శాలువా.

జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లో ఈ తేడా ఎక్కడా రాసి లేదు. రిజిస్టర్ కాకుండా వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటోంది 34వ సెక్షన్. తన దేశంలో డాక్టరుగా నమోదైన విదేశీయుడు కూడా ఇక్కడ వైద్యం చేయాలంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే. డాక్టరుకే ఇంత ఉంటే, ఇంకా డాక్టరు కాని పిల్లాడికి గేటు బార్లా తెరిచిందెవరు?

వచ్చేవాళ్లంతా మెడికోలు కూడా కాదు. అమెరికాలో మామూలుగా డిగ్రీ అయ్యాకే మెడికల్ కాలేజీ సీటు. ఆ సీటు ఇచ్చేవాళ్లు ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ స్కోరుతో పాటు చేసిన సేవ, రోగుల మధ్య గడిపిన గంటలు కూడా చూస్తారు. ఆ గంటల కోసం ఘానా, పెరూ, నేపాల్, ఇండియా. రెండు వారాలకింత, నాలుగు వారాలకింత అని ప్యాకేజీలు అమ్మే కంపెనీలున్నాయి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ల పిల్లలకు ఆ ఖర్చూ లేదు, తాతగారి ఊరుంది. బీపీ చూడటం ఎవరైనా నేర్చుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. మాత్రలు రాయడం, సూది వేయడం, కుట్లు వేయడం దగ్గరే మా పేచీ.

ఇది మా ఛాదస్తం అనుకునేవాళ్లకు ఒక మాట. అమెరికా మెడికల్ కాలేజీల సంఘమే 2011లో ఇలా వెళ్లే విద్యార్థులకు మార్గదర్శకాలిచ్చింది. సొంత దేశంలో చేయనివ్వని పనిని బయటి దేశంలోనూ చేయొద్దన్నది వాటి సారం. అక్కడ తప్పయినది మన ఊళ్లో సేవ ఎలా అయింది?

మన ఎంబీబీఎస్ పిల్లల్ని అడగండి, ఈ తేడా ఎంత చేదుగా ఉంటుందో చెబుతారు. ఇక్కడ హౌస్‌సర్జన్సీలో రాత్రంతా నిలబడి కాన్పులు చేసి, కుట్లు వేసి, రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) ఆశతో అమెరికా వెళ్తారు. అక్కడ అబ్జర్వర్‌షిప్ పేరుతో నెలరోజులు ఆసుపత్రిలో నిలబడటానికి చాలామంది డాలర్లు కడతారు. అది చూడటానికే, రోగిని ముట్టుకోవడానికి కాదు. పట్టా ఉన్నా సరే, ఆ దేశపు లైసెన్సు లేదు కాబట్టి. మంచి నిబంధనే, వాళ్ల రోగుల క్షేమం వాళ్లు చూసుకుంటున్నారు. మన డాక్టరు వాళ్ల రోగి నాడి పట్టకూడదు, వాళ్ల డిగ్రీ కుర్రాడు మన ముసలమ్మకు మందివ్వొచ్చు! ఈ లెక్క ఏ బళ్లో నేర్పారో?

ఉగాండాలోని జింజాలో వైద్యం చదవని ఒక అమెరికా యువతి పోషకాహార లోపం ఉన్న పిల్లల కోసం కేంద్రం నడిపింది. 2010-15 మధ్య అక్కడ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఇద్దరు తల్లులు కోర్టుకెక్కితే 2020లో రాజీ కుదిరింది, తప్పు మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఆమె ఉద్దేశం మంచిదేనని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన ఆర్‌ఎంపీ ఉద్దేశం చెడ్డదని ఎవరన్నారు గనక?

శిబిరాల వల్ల ఎంతో కొంత మేలు జరుగుతోందనీ, పిల్లలకు పేదరికం తెలుస్తుందనీ అంటారు. ఉండొచ్చు. శ్రీ సత్యసాయి జిల్లా బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) ఆసుపత్రికి స్పెయిన్ నుంచి నిపుణులు వచ్చి ఇక్కడి డాక్టర్లతో కలిసి పనిచేశారు. వాళ్లు చదువు పూర్తయి వచ్చినవాళ్లు, పైగా వాళ్లు వెళ్లాక కూడా ఆ ఆసుపత్రి అక్కడే ఉంటుంది. షామియానా అలా కాదు, సాయంత్రానికి విప్పేస్తారు. వారానికి సరిపడా బీపీ మాత్రలిచ్చి వెళ్తే ఎనిమిదో రోజు ఆ ముసలమ్మ ఎవరి దగ్గరికి పోవాలి? మళ్లీ ఆ ఆర్‌ఎంపీ దగ్గరికే.

శిబిరానికి అనుమతిచ్చేటప్పుడు రోగుల్ని చూసే ప్రతి ఒక్కరి రిజిస్ట్రేషన్ నంబరు జిల్లా వైద్యాధికారులు (డీఎంహెచ్‌వోలు) ఎందుకు అడగరు? కేసులు పెట్టే కౌన్సిల్ ఒక్క షామియానా కిందకైనా ఎందుకు తొంగిచూడదు? ఆ పక్కనే కుర్చీ వేసుకుని, పిల్లలు రాసిన చీటీల మీద సంతకాలు పెడుతున్న స్థానిక డాక్టర్లను అడుగుతున్నాం. మీ అమ్మను ఆ వరుసలో నిలబెడతారా?