గాజు చెప్పు వేషం, గంగమ్మ వేషం

సిండ్రెల్లా, జలకన్య వేషాల్లో గ్లామర్ మోడళ్ల ఫొటోల మీద రాసిన ఒక వ్యాసం చదివాను, బాగుంది. కానీ ఆ ఫొటోల్లో పాత కథను ‘బోల్డ్’గా మార్చేశారని అందులో రాసిన మాట దగ్గర ఆగాను. అసలు కథే బోల్డ్ కదండీ! సిండ్రెల్లా గాజు చెప్పు 1697లో ఫ్రెంచ్ రచయిత పెరో రాసిన కథలోది. 1812లో జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు అచ్చేసిన దాంట్లో అది బంగారు చెప్పు. ఆ చెప్పులో కాలు పట్టడానికి ఒక సవతి అక్క కాలి వేలు, ఇంకో అక్క మడమ కోసుకుంటారు. చెప్పులో రక్తం ఉందని పావురాలు చెబుతాయి. ఫొటోల్లో ఆ రక్తం మాయం, మిగిలింది మెరుపే.

మాది తిరుపతి. గంగమ్మ జాతరకు మా బావ ఏటా వేషం కడతాడు. ‘తోటి వేషం’ అనే రోజున ఒళ్లంతా బొగ్గుమసి పూసుకుని, వేపమండలు చుట్టుకుంటాడు. చెమటకు మసి కారి కళ్లలో పడుతుంది, అయినా తుడుచుకోడు. ఆడవాళ్లను చెరిచిన పాలెగాణ్ణి వెతుకుతూ అమ్మవారు మార్చిన వేషాలవి. చివరికి దొర వేషంలో వాడి తల నరుకుతుంది. మర్నాడు మాతంగి వేషంలో వెళ్లి వాడి భార్యను ఓదారుస్తుంది, అదీ కథంటే!

మోడళ్లను తప్పుపట్టడం లేదు, అది వాళ్ల వృత్తి. గౌను మీద అంత ఖర్చు పెట్టినవాళ్లు ఫ్రేములో ఒక మూల ఆ పావురాలనైనా పెట్టి ఉంటే నేను ఇంకాసేపు చూసేదాన్ని.