17 కెంపులూ, బాబాయి పాత వాచీ

మా ఇంటి గ్రూపులో బాబాయి ఒక మెసేజి పెట్టాడు. అంతకుముందే అది నాకు మరో మూడు చోట్ల నుంచి వచ్చి ఉంది. “తాతల నాటి స్విస్ వాచీ మీ బీరువాలో ఉందా? అయితే లక్షాధికారి మీరే!” అని మొదలవుతుంది. అందులో అయిదు ముక్కలున్నాయి. 17 జ్యూయెల్స్ అంటే లోపల 17 అసలు కెంపులట. స్విస్ మేడ్ అని ఉంటే కేసు బంగారమేనట. వాచీ తడిస్తే బియ్యం డబ్బాలో పెడితే చాలట. డయల్ కొత్తగా వేయించి పాలిష్ పట్టిస్తే రేటు రెట్టింపట. ఎంత పాతదైతే అంత ధరట.

బాబాయి దగ్గర కీ ఇచ్చే పాత స్విస్ వాచీ ఒకటుంది. ఆదివారం దాన్ని జేబులో వేసుకుని, పాలిష్ పట్టించడానికి వైజాగ్ జగదాంబ జంక్షన్‌కి బయల్దేరతానంటున్నాడు. అందుకే నా ఈ తొందర.

కెంపుల సంగతి ముందు. లోపల కెంపులున్న మాట నిజమే, కానీ అవి గనిలో దొరికినవి కావు, మంటలో పెంచినవి. 1902లో ఒగుస్త్ వెర్నయ్ అనే ఫ్రెంచాయన అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి కెంపు తయారుచేసే పద్ధతి బయటపెట్టాక వాచీ రాళ్ళు చవకైపోయాయి. ఇరుసు ఇత్తడి రంధ్రంలో తిరిగితే ఆ రంధ్రం అరిగి సాగుతుంది. కెంపు గట్టిది, నున్నటిది, చుక్క నూనెను పట్టి ఉంచుతుంది. అందుకే అక్కడ పెడతారు. లెక్క కావాలంటే ఇదిగో: అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసుకు 4, దాన్ని నెట్టే చిన్న పుల్లలాంటి రాయి 1, చక్రాన్ని ఆపుతూ వదులుతూ ఉండే పాలెట్ అనే ముక్క కొనలకు 2, పాలెట్ ఇరుసుకు 2, మిగిలిన నాలుగు చక్రాలకూ రెండేసి చొప్పున 8. మొత్తం 17. మన హెచ్ఎంటీ వాళ్ళ జనతా వాచీలోనూ ఇవే 17 రాళ్ళు. మెసేజి చెప్పేదే నిజమైతే ఆ రోజుల్లో వైజాగ్‌లో ప్రతి గుమాస్తా జమీందారే అయ్యుండాలి.

బంగారం విషయానికొస్తే, స్విస్ మేడ్ అన్న మాట దేశం పేరు చెబుతుంది గానీ లోహం పేరు చెప్పదు. వెనక మూత తీయించి లోపలివైపు చూడాలి. 0.750 అనో, 18 క్యారెట్లనో ముద్ర ఉంటే బంగారం. కురుపాం మార్కెట్లో 916 చూసి చూసి ఉన్న మనకు 750 నాసిగా కనిపిస్తుంది, కానీ స్విస్ బంగారు వాచీలకు అదే మామూలు. 22 క్యారెట్లయితే కేసుకు మరీ మెత్తన. “ప్లాకె, 20 మైక్రాన్లు” అని ఉంటే మాత్రం అది పూత, మిల్లీమీటరులో యాభయ్యో వంతు. మన ఊరి చెమటకి బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర అది ముందు అరుగుతుంది, కిందనున్న లోహం తొంగిచూస్తుంది. బాబాయి వాచీకి నేను చూసింది ఆ లోహం రంగే అనుకుంటాను.

బియ్యం, డయల్ గురించి కలిపే చెబుతాను. రెండూ నేను చేసిన పనులే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి బీరువాలోకి నీళ్ళొచ్చాయి. నాన్నగారి ఒమేగా తడిసింది. ఎవరో చెప్పారని బియ్యంలో పెట్టాను. ఊళ్ళో కరెంటు లేదు, చెట్లన్నీ రోడ్ల మీద. షాపు తెరిచేసరికి వారం దాటింది. కేసు లోపలి తేమ బియ్యానికి ఎలా అందుతుంది? కీ ఇచ్చే కాడ తుప్పుపట్టి విరిగింది. చేయాల్సిందల్లా వెంటనే మూత తీయగలవాడిని వెతికి, విప్పించి, కడిగించడం. అసలు ఇలాంటి పలచటి పాత వాచీ నీళ్ళ కోసం పుట్టింది కాదు, చొక్కా చేతికింద ఇమడడానికి పుట్టింది. 1957లో పియాజే అనే స్విస్ కంపెనీ చేసిన 9పీ మెకానిజం మందం 2 మిల్లీమీటర్లే. అంత పలచగా చెయ్యడంలోనే వాళ్ళ పనితనమంతా ఉంది. అలాంటి వాచీ పెట్టుకుని ఆర్కే బీచ్‌లో కెరటాలకు ఎదురెళ్ళేవాళ్ళని చూశాను, ఏం చెప్పను.

కాడ మార్చిన మెకానిక్ “డయల్ కూడా కొత్తగా వేయిస్తాను సార్, షోరూం పీసులా ఉంటుంది” అన్నాడు. సరే అన్నాను. తిరిగొచ్చాక తళతళలాడింది. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే పేరులో అక్షరాలు లావెక్కాయి, నిమిషాల గీతలు ఒకచోట ఇరుకు, ఒకచోట దూరం. అడుగున ఉండాల్సిన స్విస్ మేడ్ మాటే లేదు. నాన్నగారు ముప్పై ఏళ్ళు టైము చూసుకున్న మొహం అది కాదు. తర్వాత పాత వాచీలు కొనే ఒకాయనకు చూపిస్తే డయల్ చూసి మారుమాట లేకుండా తిరిగిచ్చేశాడు.

డయల్‌కి అంత విలువా అంటే, పటెక్ ఫిలిప్ అనే స్విస్ వాచీ కంపెనీ సంగతి చూడండి. 1932లో ఆ కంపెనీని కొన్న స్టెర్న్ అన్నదమ్ములు అప్పటిదాకా దానికి డయళ్ళు చేసిచ్చినవాళ్ళే. అదే ఏడు వచ్చిన కలత్రావా 96 దాదాపు 31 మిల్లీమీటర్ల గుండ్రటి వాచీ, ఆర్భాటం ఏమీ లేదు. అలాంటి వాచీలో చూసేందుకు ఉండేది డయలూ, ముళ్ళూ, కేసు అంచులూ. డయల్ గీకి, అంచులు పాలిష్‌తో మొండి చేశాక ఇంకేం మిగుల్తుంది? పాలిష్ పట్టీ పట్టీ బంగారం ముద్రలు కూడా చెరిగిపోతాయి.

ఇక వయసు. హెచ్ఎంటీ 1961లో బెంగళూరులో జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో మొదలుపెట్టి వాచీలు లక్షల్లో చేసింది. అన్ని ఉన్నప్పుడు పాతదైనంత మాత్రాన ధర రాదు. పేరు, మోడలు, ఎంత చెక్కుచెదరకుండా ఉందన్నది, ఇవన్నీ కలవాలి.

ఇదంతా రాత్రి ఫోన్లో చెప్పాను. బాబాయి విని, “మరి రోజుకి అరనిమిషం వెనకబడుతోందిరా, అది జబ్బు కాదా?” అన్నాడు. గంటకు 18,000 సార్లు కొట్టుకునే వాచీ అయితే రోజుకు 4,32,000 దెబ్బలు, అందులో తప్పినవి 150 మాత్రమే అన్నాను. కాసేపు లెక్కేసుకున్నాడు. పాలిష్ మానేస్తానన్నాడు, సర్వీసింగ్ మాత్రం చేయిస్తాడట. బెల్టు మార్చుకోవచ్చా అని అడిగాడు. మార్చుకోమన్నాను.