కాన్వెంట్ బడిలో మతం గురించి మాట్లాడుకోవాలి

బెంగళూరు తెలుగు కుటుంబాలు కాన్వెంట్ సీటు కోసం పడే పాట్ల గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో స్థిరపడినవారు పిల్లవాడికి మూడేళ్లు నిండకముందే దరఖాస్తుల వేటలో పడతారు. ఇంగ్లీషు బాగుంటుంది, క్రమశిక్షణ ఉంటుంది, ఫీజు అందుబాటులో ఉంటుంది అని లెక్కలు వేసుకుంటారు గాని, ఆ బడి ఒక విశ్వాసం మీద నిలబడి నడుస్తోందన్న సంగతిని మాత్రం గోడకు వేసిన రంగులా చూసీ చూడనట్టు వదిలేస్తారు. యాజమాన్యాలకు కూడా ఆ మౌనమే సౌకర్యంగా ఉంది. ఇద్దరి మౌనం వల్లా నష్టపోతున్నది పిల్లలు.

కతోలిక ప్రాథమిక పాఠశాలలో విశ్వాసం దాచినా దాగదు. గేటు పక్కన మరియమాత గుహ, ఉదయం అసెంబ్లీలో ప్రార్థన, అక్టోబరులో జపమాల, డిసెంబరులో పశువుల పాక. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు వీటి మధ్యనే తిరుగుతారు. అయితే చాలా బడుల్లో వారానికి కొన్ని పీరియడ్లు వచ్చేసరికి తరగతి రెండుగా చీలుతుంది. కతోలిక పిల్లలు లేచి సత్యోపదేశానికి, అంటే తమ మతబోధన తరగతికి, వెళ్తారు. హిందూ, ముస్లిం, జైన పిల్లలంతా కూర్చుని మోరల్ సైన్స్ పుస్తకం తెరుస్తారు. అబద్ధం ఆడరాదని, పెద్దలను గౌరవించాలని, నీటిని వృథా చేయరాదని చదువుకుంటారు. తన బెంచీ స్నేహితుడు పక్క గదిలో ఏం నేర్చుకుంటున్నాడో అడిగే అవకాశం వీరికి రాదు. వీరు ఇంట్లో ఏ దేవుణ్ని ఎలా కొలుస్తారో అతనికీ తెలియదు. ఈ చీలికను ఇన్నాళ్లూ పరమత గౌరవమని సమర్థించుకుంటూ వచ్చాం. నా దృష్టిలో ఇది పరమత గౌరవం నేర్పగలిగిన గంటను చేతులారా పోగొట్టుకోవడమే.

తరగతి మొత్తాన్ని కలిపి కూర్చోబెట్టి మతాల గురించి చెప్పుకోవడానికి చట్టం అడ్డు రాదు. రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీలకు తమ బడి నడుపుకునే హక్కు ఉంది. సంరక్షకుల సమ్మతి లేకుండా ఏ పిల్లవాణ్నీ మతబోధనకు గాని ఆరాధనకు గాని కూర్చోబెట్టరాదని 28(3) చెబుతోంది. మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి బోధించడం వేరు అన్న తేడాను 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా గుర్తించింది. ఇక శ్రీసభ, అంటే కతోలిక సంఘం, విషయానికి వస్తే, 1965 అక్టోబరు 28న ప్రపంచ కతోలిక బిషప్పుల రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ‘నోస్త్రా ఏతాతే’ ప్రకటన హిందూ, బౌద్ధ, ఇస్లాం మతాలను పేరుపేరునా ప్రస్తావించి, వాటిలో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని దేనినీ తాము తిరస్కరించబోమని చెప్పింది. భారత కతోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2024లో తన విద్యాసంస్థలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో అన్య మతాల విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయాలను రుద్దరాదని, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని, సర్వమత ప్రార్థనకు ఒక గది కేటాయించాలని సూచించింది. మంచి సూచనలే. కాని గది ఒకటి కట్టినంత మాత్రాన సంభాషణ పుట్టదు, దానికి పీరియడ్ కావాలి.

ఆ పీరియడ్‌లో ఏం చెప్పుకోవచ్చో చూడండి. 2025లో మహాశివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది, మన దేశంలో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలయ్యాయి, ఈస్టర్‌కు ముందు వచ్చే కతోలికుల తపస్సుకాలానికి తొలిరోజైన విభూది బుధవారం మార్చి 5న వచ్చింది. ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకే తరగతిలోని మూడు రకాల ఇళ్లు ఉపవాసంలో ఉన్నాయి. ఒక ఇంట్లో పగలంతా పస్తుండి రాత్రి జాగరణ చేశారు, మరో ఇంట్లో తెల్లవారుజామున సహర్‌కు లేచారు, ఇంకో ఇంట్లో నలభై రోజుల తపస్సుకాలానికి సిద్ధపడ్డారు. నుదుట బూడిద సిలువతో బడికి వచ్చిన టీచరును, నుదుట మూడు విభూతి రేఖలతో కూర్చున్న శైవుల పిల్ల కుతూహలంగా చూసే సన్నివేశం అరుదైనదేమీ కాదు. నిరుటి మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కు ముందటి ఆదివారం) నాటి కొమ్మలను కాల్చి ఆ బూడిద చేస్తారని, మనిషి మట్టి నుంచి వచ్చి మట్టిలోకే పోతాడని గుర్తుచేస్తూ దాన్ని పెడతారని, అది పశ్చాత్తాపానికి ఆరంభమని ఆ టీచరు చెప్పాలి. ఆవుపేడ కాల్చి చేసిన విభూతిని తన తాత రోజూ స్నానం చేయగానే ఎందుకు ధరిస్తాడో ఆ పిల్ల చెప్పాలి. రెండు నుదుళ్ల మీదా బూడిదే. ఒకటి ఏటా ఒక్కనాడు పాపాన్ని, మరణాన్ని తలపించి ఈస్టర్ వైపు నడిపిస్తుంది. మరొకటి శివుని ప్రసాదంగా ప్రతిరోజూ ఒంటిమీద ఉంటుంది. పోలిక దగ్గర ఆగిపోతే పిల్లలు నేర్చేది సగమే. తేడా దాకా వెళ్లినప్పుడే ఎదుటివాడి విశ్వాసం నిజంగా కళ్లబడుతుంది.

అందుకే అన్ని మతాలూ ఒకటే చెబుతాయన్న అసెంబ్లీ ఉపన్యాసం మీద, పండుగనాడు వేషాలు వేయించి ఫోటోలు తీసి ముగించే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. అవి పిల్లవాడిని ప్రశ్న అడగనివ్వవు. సత్యోపదేశం తీసేయమని కూడా నేను అనను. కతోలిక బడి నిండుగా కతోలిక బడిగానే ఉండాలి. తన విశ్వాసాన్ని సిగ్గుపడకుండా చెప్పగలిగినవారే ఎదుటివారిని నిస్సంకోచంగా అడగగలరు. విడివిడి పీరియడ్లను అలాగే ఉంచి, వారానికి ఒక్క పీరియడ్ మాత్రం తరగతి మొత్తాన్ని కలిపి కూర్చోబెట్టాలి. అందులో ప్రార్థన ఉండదు. చెప్పడం, వినడం, అడగడం ఉంటాయి.

ఇది మతమార్పిడికి దొడ్డిదారి అవుతుందని కొందరు, ఇంత చిన్న పిల్లలు అయోమయపడతారని మరికొందరు అంటారు. 2022 ఏప్రిల్‌లో ఇదే నగరంలో, కతోలిక బడి కాకపోయినా ఒక క్రైస్తవ పాఠశాలలో, పిల్లలు బడికి బైబిలు తెచ్చుకోవడానికి తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పరాదన్న దరఖాస్తు పత్రంలోని షరతుపై రేగిన వివాదాన్ని యాజమాన్యాలు మరచిపోలేదు. వారి భయం అర్థం చేసుకోదగినదే. అయితే అనుమానం పెరిగేది మూసిన తలుపు వెనుక జరిగే బోధన మీదే. అన్ని ఇళ్ల పెద్దలూ వచ్చి మాట్లాడే బహిరంగ తరగతిలో దేన్నీ దాచే వీలుండదు.

పెద్దలు రావడం అన్నచోటే తెలుగు తల్లిదండ్రులను నేను నిలదీయవలసి వస్తోంది. పిల్ల తన వంతు వచ్చినప్పుడు ఏం చెబుతుంది? ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరుని దర్శించుకునే ఆనవాయితీ, నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెలు మార్చుకునే హిందువులు, ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి మరియమాతకు కొబ్బరికాయ కొట్టి తలనీలాలిచ్చే కుటుంబాలు, ఊళ్లో పీర్లను భుజాన మోసిన తాతలు: ఇంత సంపద మన ఇళ్లలో ఉంది. దానిలో ఎంత భాగాన్ని బెంగళూరులో పుట్టిన పిల్లలకు అందించాం? బడిలో కన్నడం నేర్చుకుంటున్నారు, నేర్చుకోవాలి కూడా. కాని ఇంట్లో అమ్మానాన్నలే ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, అవ్వ చెప్పే నోము కథ ఆ పిల్లకు సగమైనా అర్థం కాదు. ప్రశ్న అడిగితే అవ్వకు ఇంగ్లీషు రాదు, మనవరాలికి తెలుగు చాలదు. మన విశ్వాసాలు బతుకుతున్నది పాటల్లో, కథల్లో, వంటింటి మాటల్లో. ఆ తెలుగు పోయిన ఇంటి నుంచి వచ్చిన పిల్లకు సర్వమత సంభాషణలో చెప్పుకోవడానికి మిగిలేది పండుగ పేరు, సెలవు తేదీ మాత్రమే. తన ఊరి చర్చి విచారణలో (పారిష్‌లో) తెలుగులో జపమాల చెప్పుకున్న కతోలిక కుటుంబానిదీ ఇక్కడ ఇదే పరిస్థితి.

కనుక వచ్చే ప్రవేశాల కాలంలో రెండు పనులు జరగాలి. యాజమాన్యం తన బడిలో ఏ ప్రార్థన ఉంటుందో, ఏ తరగతి ఎవరికో, ఉమ్మడి పీరియడ్‌లో ఏం జరుగుతుందో దాపరికం లేకుండా రాసి, ఆ సమ్మతి పత్రాన్ని ఇంగ్లీషుతో పాటు కన్నడ, తెలుగు, తమిళ, ఉర్దూ భాషల్లో ఇవ్వాలి. తల్లిదండ్రులు దాన్ని చదవకుండా సంతకం పెట్టరాదు. పెట్టిన తరువాత ఏడాదిలో ఒక్కరోజైనా అవ్వనో తాతనో వెంటబెట్టుకుని ఆ పీరియడ్‌కు వెళ్లాలి. వారు తెలుగులో చెబుతుంటే పిల్లే తరగతికి ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి.