రాసిపెట్టకండి, మళ్లీ గెలవచ్చు

వెబ్‌సైట్ మీద చేసే ప్రతి ప్రయోగాన్నీ రాసిపెట్టుకోవాలని కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు గొడవ చేస్తుంటారు. చిన్న వయసు, పోనీలే అనుకోవచ్చు. కానీ జాడ్యం ముదరకముందే నాలుగు ముక్కలు చెప్పడం పెద్దవాళ్లుగా మన బాధ్యత.

ల్యాండింగ్ పేజీలో, అంటే సైట్‌కి వచ్చినవాళ్లు ముందు దిగే పేజీలో, ఆకుపచ్చ బటన్‌కు పోటీగా నారింజ రంగుది పెట్టి ఏ/బీ టెస్ట్ చేశాం: సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి చూపించి, ఏది ఎక్కువ నొక్కుతారో చూడటం. నారింజ గెలిచింది. చప్పట్లు. ఏడాదిన్నర తిరిగేసరికి టీమ్‌లో సగం మంది మారిపోయారు. కొత్తవాళ్లు నారింజకు పోటీగా ఆకుపచ్చ పెట్టారు. ఆకుపచ్చ గెలిచింది. మళ్లీ చప్పట్లు. ఒక్క బటన్, రెండు విజయాలు, రెండు ప్రమోషన్లు. మొదటి టెస్ట్ తేదీ, స్క్రీన్‌షాట్ ఎవడైనా దాచిపెట్టి ఉంటే ఇంత అభివృద్ధి జరిగేదా?

టెస్ట్ మొదలెట్టకముందే ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో రాయాలట. ఫలితం రాకముందే కారణం చెప్పడం జ్యోతిష్యం. వచ్చాక చెప్పడమే కదా శాస్త్రం! ఎంతమంది చూశాక ఆపాలో కూడా ముందే రాయాలట. మంగళవారం మధ్యాహ్నం మన పేజీ కాస్త ముందంజలో ఉన్న క్షణం చూసి టక్కున ఆపడం ఒక కళ. ఆ కళాకారులు ఏమైపోవాలి?

ఇక లెక్కల సంగతి. కనిపించిన తేడా నిజమా, కాకతాళీయమా అని తేల్చడానికి గణాంకాలవాళ్లు 0.05 అని ఒక గీత గీశారు. దాని ప్రకారం, నిజానికి ఏ తేడా లేని రెండు పేజీలను పోల్చినా 20 సార్లలో ఒకసారి తేడా ఉన్నట్టే కనిపిస్తుంది. అలాంటి పసలేని టెస్టులు 20 చేస్తే, కనీసం ఒకటైనా ‘తేడా ఉంది’ అని తేలే అవకాశం దాదాపు 64 శాతం. ఆలోచనలు అడుగంటినవాళ్లకు ఇంతకు మించిన వరం ఏముంది? అదే ఇరవైనీ వరసగా రాశారనుకోండి, గెలిచినదాని పక్కనే 19 ఓడినవి కూర్చుని దాని మొహంలోకే చూస్తుంటాయి. పాపం, అది మాత్రం ఎంతసేపు నిలబడుతుంది?

అన్నీ టెస్టులు నడిపే టూల్‌లోనే ఉంటాయి కదా అంటారు కొందరు. గూగుల్ ఆప్టిమైజ్ అనే అలాంటి టూల్‌లోనూ ఉండేవి. 2023 సెప్టెంబర్ 30న అది మూతపడింది. విడిగా ఏమీ దాచుకోనివాళ్లకు ఎంత ప్రశాంతత!

మా టీమ్‌లో ఒకమ్మాయి మాత్రం మాట వినలేదు. ఓడిన టెస్టులతో సహా అన్నీ ఒక షీట్‌లో ఎక్కిస్తోంది. మొన్న మీటింగ్‌లో, కస్టమర్ల అభిప్రాయాలను పేజీ పైకి జరపాలన్న నా సరికొత్త ఆలోచన బయటపెట్టాను. ఆమె షీట్ తెరిచి చూసి, ‘సార్, ఇది మీరే మూడుసార్లు చేయించారు. మూడుసార్లూ ఓడింది’ అంది, చాలా మర్యాదగా.

ఆ సాయంత్రమే ఆ షీట్‌కి యాక్సెస్ అడిగాను. చూడటానికి కాదు, ఎడిట్ చేయడానికి.