బిగింపు భక్తులారా, కాస్త వదలండి

పాత కారున్నవాళ్లకు ముందు చక్రం మీద శ్రద్ధ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పండగపూట మా చిత్తూరులో ఆ చక్రానికి జరిగే మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగదు. పసుపు, కుంకుమ, పూలదండ, కింద నిమ్మకాయ, ముందు గుమ్మడికాయ. ఇంత జరిగాక లోపల చక్రాన్ని తేలిగ్గా తిరగనిచ్చే బేరింగ్ ఎలా ఉందని అడిగితే దేవుణ్ణి శంకించినట్టు అవుతుంది గనక ఎవరూ అడగరు. 2022లో తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాలయ్యాయి గానీ ఈ ఒక్క విషయంలో ఇప్పటికీ ఉమ్మడి జిల్లానే.

అడిగేది మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్. మలుపు తిరిగినప్పుడల్లా బరువంతా బయటివైపు చక్రం మీదికి ఒరిగి, బేరింగును పక్కనుంచి తోస్తుంది. ఆ పక్కపోటును తట్టుకోడానికే అందులోని చిన్న ఉక్కు కడ్డీలను, అంటే రోలర్లను, ఏటవాలుగా కూర్చారు. 1898లో అమెరికాలో దీనికి పేటెంటు తీసుకున్న హెన్రీ టింకెన్ గుర్రబ్బగ్గీలు చేసే మనిషి. బగ్గీలాయనకు పట్టిన దిగులు మనకు కారెక్కాక కూడా పట్టలేదు.

మా వీధి పెద్దాయనకు 1948 నాటి ప్లిమత్ అనే అమెరికన్ కారు ఒకటుంది. 1947లో బొంబాయి ప్రీమియర్ వాళ్లు ఈ కార్లను జోడించి రోడ్డెక్కించడం మొదలుపెట్టారు. ఆ కాలం బండి. దాని ముందు చక్రాల తనిఖీకి నన్ను సాక్షిగా పిలిచారు. ఎడమ చక్రం దగ్గరే కథ మొదలైంది. షెడ్డు కుర్రాడు వీల్ స్పానర్ మీద రెండు కాళ్లతో ఎక్కి తొక్కుతున్నాడు. "రాలేదు సార్, తుప్పు పట్టేసుండాది" అన్నాడు. తుప్పు కాదు నాయనా, ఎడమవైపు బోల్టులకు ఆ కంపెనీ లెఫ్ట్ థ్రెడ్డు, అంటే తిరగేసిన మర, పెట్టింది, నువ్వు ఇంతసేపూ బిగిస్తున్నావు. ఆ మాట విన్నాక వాడి ముఖంలో పశ్చాత్తాపం కనపడలేదు, పైగా కొంచెం గర్వం కనపడింది. బిగించడం ఎప్పటికీ వృథా పోదని మన నమ్మకం కదా.

తనిఖీ నిజానికి సులువు. బండిని జాకీతో లేపి కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనొక చేత్తో కిందొక చేత్తో పట్టుకుని ఊపాలి. ఊగగానే బేరింగు పోయిందని తీర్పు చెప్పేయకూడదు. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టాలి. అప్పుడు ఊగడం ఆగితే తప్పు బేరింగుది, ఆగకపోతే చాలావరకు చక్రం పక్కకు తిరగడానికి ఇరుసుగా ఉండే కింగ్‌పిన్‌ది. ఈ చిన్న విచారణ జరగక ఎన్ని నిర్దోషి బేరింగులు పాత ఇనుప కొట్టుకు చేరాయో.

గ్రీజు క్యాపు తీశారు, నట్టు జారకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ లాగారు, నట్టు విప్పారు. చక్రం నడిమి హబ్బు, బ్రేకు డ్రమ్ము కలిసి చేతిలోకొచ్చాయి. కుర్రాడు డ్రమ్ములో దుమ్ము నోటితో ఊదబోతే మేస్త్రీ నెత్తిన ఒకటిచ్చాడు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడవాలి. ఊదడం మన జాతీయ శుభ్రతా విధానం కాబట్టి కుర్రాడికి అది అవమానంగానే తోచింది.

సగానికి కోసిన ఆయిల్ డబ్బాలో కిరోసిన్ పోసి బేరింగును అందులో ఆడించారు. నల్లటి గ్రీజు వదిలాక రోలర్లు బయటపడ్డాయి. రెండింటి మీద నీలి ఛాయ. వేడికి కాలిన గుర్తు. అంటే గతంలో ఎవరో మహానుభావుడు దీన్ని భక్తిగా బిగించాడన్నమాట. ఇక దాన్ని, రోలర్లు దొర్లే బయటి ఉక్కు కప్పుతో సహా జతగా మార్చాల్సిందే. మార్చారు. అరచేతిలో గ్రీజు పెట్టుకుని, రోలర్ల సందుల్లోంచి అవతలికి పొంగేదాకా మేస్త్రీ ఒత్తిన తీరు చూసి తీరాలి.

ఆ తర్వాతే అసలు పేచీ. చక్రం తిప్పుతూ నట్టు బిగించాలి, రోలర్లు తమ చోట కుదురుకునేదాకా. తర్వాత దాన్ని వదిలేసి, వేళ్లతో మాత్రమే మళ్లీ ఆనేదాకా తిప్పాలి. పిన్ను దూరడానికి నట్టు గాడి, ఇరుసు (స్పిండిల్) చిల్లుకు ఎదురు రాకపోతే వదులు వైపే జరపాలి. చివరికి మిగలాల్సిన ఆట, అంటే వదులు, 0.001 నుంచి 0.005 అంగుళం. న్యూస్‌పేపరు కాగితం మందం ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ఆ కాగితమంత వదులును మన సమాజం సహించదు. పెద్దాయన వచ్చి చక్రం పట్టి ఊపాడు.

"ఏంది మేస్త్రీ, ఇంకా ఆడతా ఉండాదే!"

"రవ్వంత ఆడాల సార్."

"ఆడేదానికైతే నీకు దుడ్లు ఎందుకియ్యాల?"

దీనికి ఇంజినీరింగులో జవాబు లేదు. బిగించినందుకు కూలి అడగొచ్చు, వదిలినందుకు ఏ ముఖంతో అడుగుతాడు? అందుకే అనుభవమున్న మేస్త్రీలు యజమాని చూస్తుండగా నట్టును పళ్లు కొరికి బిగిస్తారు, ఆయన టీకి వెళ్లాక వదులుతారు. టీ తాగని యజమానుల బేరింగులే కాలిపోతున్నాయని నా పరిశీలన. ప్రభుత్వం ప్రతి షెడ్డు పక్కన ఒక టీ బంకు తప్పనిసరి చేయాలి. పెద్దాయనకు ఆ పూట నేనే టీ ఇప్పించాను.

ఇక స్ప్లిట్ పిన్. తీసినప్పుడల్లా కొత్తది వేయాలి. ఆ నట్టును పట్టి ఉంచేది అదొక్కటే. మనవాళ్లు పాతదాన్నే సుత్తితో సాపు చేసి దూరుస్తారు, అది విరిగితే మేకు. దీనికీ నా దగ్గర ఉపాయముంది. కాణిపాకం ఇక్కడికి పదీ పన్నెండు కిలోమీటర్లే. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం ఆడడానికి ఈ చుట్టుపక్కల దొంగ కూడా జంకుతాడు. పని అయ్యాక మేస్త్రీ అక్కడ కొత్త పిన్నే వేశానని ప్రమాణం చేసి రావాలి.

ఈ మాట మా మేస్త్రీతో అంటే వాడు పాత పిన్ను సాపు చేయడం ఆపి, ప్లిమత్ వైపు ఒకసారి చూశాడు.

"ఎందుకు సార్, దీన్లో కాణిపాకం పోయి వచ్చే పెట్రోలు దుడ్లకు డబ్బాడు పిన్నులు వస్తాయి."