గరిటె చేతిలో ఉన్నంతసేపు

“ఓట్స్ జావకి ఇంత తతంగమా?” అన్నారు మా ఆయన, స్టవ్ ముందు నేను పావుగంట నిలబడడం చూసి. అప్పటికి ఉడుక్కున్నాను గానీ, ఆ మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది. ఈమధ్య ఎవరిని కదిపినా ‘మార్నింగ్ రిచువల్’ అంటున్నారు కదా, దానికి తెలుగులో ఏమనాలా అని ఆలోచిస్తే వచ్చినవన్నీ తేడా మాటలే. క్రతువు అంటే మరీ పెద్దది. తంతు అంటే మనసు పెట్టకుండా కానిచ్చేసేది. తతంగం సంగతి మా ఆయన చెప్పేశారు. నా మటుకు నాకు ‘పని’ అన్న మాటే చాలనిపిస్తుంది. పొద్దున్నే చేసుకునే ఒక చిన్న పని.

పొద్దున్నే ప్రశాంతమైన మనసుతో జావ కాచుకోండి అని ఎవరైనా చెబితే నాకు నవ్వొస్తుంది. మనసు అప్పటికే ప్రశాంతంగా ఉంటే ఇక జావ దేనికి? నాకు తెలిసినంతలో ముందు గిన్నె పొయ్యి మీదికి ఎక్కాలి. మనసు ఆ తర్వాత తీరిగ్గా దారిలోకి వస్తుంది.

ఆరేడేళ్లు నేనూ ప్యాకెట్ ఓట్స్‌తోనే నెట్టుకొచ్చాను. కప్పులో వేసి, వేడినీళ్లు పోసి, చెంచాతో నాలుగు తిప్పులు తిప్పితే అయిపోయేది. రోజూ పది నిమిషాలు మిగిల్చుకుంటున్నానని మురిసిపోయేదాన్ని. మిగిలిన ఆ పది నిమిషాలూ ఏమయ్యాయని లెక్క తీస్తే, అన్నీ ఫోన్‌లోకే పోయాయి. దేశం కాని దేశంలో ఉన్న మనకు ఈ జబ్బు ఇంకో పాలు ఎక్కువ. మనం పడుకునే వేళకి అక్కడ తెల్లారుతుంది. మనం లేచేసరికి ఫ్యామిలీ గ్రూపులో ఒక పగలు పగలంతా పేరుకుని ఉంటుంది. ఎవరిదో మోకాలి నొప్పి, ఎవరి పిల్లాడిదో మార్కుల జాబితా, ఒక గొడవ, ఆ గొడవకు రాజీ. పళ్లు తోముకోకముందే ఒక రోజు బతికేసినట్టుండేది.

కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి భయపడి, గింజను ముక్కలుగా కోసిన స్టీల్‌కట్ ఓట్స్ డబ్బా కొన్నాను. మొదటిరోజు ఫోన్ స్టవ్ పక్కనే పెట్టుకుని “అలాగే అక్కా, రాత్రికి చేస్తా” అని టైప్ చేస్తుండగా పాలు పొంగి స్టవ్ అంతా వరద. రెండోరోజు అడుగంటింది. మాడిన ఓట్స్ వాసన ఓ పట్టాన వదలదు, సాయంత్రం దాకా కర్టెన్లకు పట్టుకుని ఉంది. మూడోరోజు ఫోన్‌ను పడగ్గదిలోనే చార్జింగ్‌కి వదిలేసి వచ్చాను. వైరాగ్యం పుట్టిందని కాదండీ, మూడోసారి ఆ గిన్నె తోమే ఓపిక లేక.

ఇప్పుడు పనిరోజుల్లో రేకుల్లా నొక్కిన రోల్డ్ ఓట్స్, సెలవురోజుల్లో స్టీల్‌కట్. రోల్డ్ అయితే మనిషికి అరకప్పు, అంటే 40 గ్రాములు. ముందు అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద మూడు నిమిషాలు పొడిగా వేయిస్తాను. రంగు పెద్దగా మారదు, ముక్కుతోనే కనిపెట్టాలి. పచ్చిపిండి వాసన పోయి గింజ వేగిన కమ్మదనం వచ్చాక దించి, కాస్త చల్లారనిచ్చి, కప్పు చన్నీళ్లు పోసి మళ్లీ పొయ్యి మీద పెడతాను. మరిగే నీళ్లలో వేస్తే రేకులు దేనికది విడిగా నిలుస్తాయి. అలా ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. చన్నీళ్లతో మొదలుపెడితే, నీళ్లు వేడెక్కేకొద్దీ గింజలోని పిండిపదార్థమూ జిగురూ మెల్లగా బయటికొచ్చి జావ నున్నగా కుదురుతుంది. పాలు చివర్లో, పావుకప్పు. ముందే పోస్తే అడుగు పట్టడం ఖాయం. చిటికెడు ఉప్పు మాత్రం మరవకూడదు, తీపి జావ అయినా సరే.

ఇక కలపడం. మొదట గిన్నె గలగలా మరుగుతుంది. చిక్కబడేకొద్దీ బుడగలు బరువెక్కి, ‘బుడుక్’ మని ఒక్కొక్కటే పగులుతాయి. గరిటె వెళ్లిన చోట గిన్నె అడుగు గీతలా కనిపించి, ఆ గీత మూసుకోవడానికి ఓ క్షణం పట్టిందంటే దించెయ్యాలి. మూతపెట్టి రెండు నిమిషాలు వదిలితే ఇంకాస్త బిగుస్తుంది కాబట్టి, కొంచెం పలచగా ఉన్నప్పుడే దించడం మంచిది.

ఈ ఏడెనిమిది నిమిషాల్లో ఇంకో పని పెట్టుకోలేం. చెయ్యి ఆగితే అడుగంటుంది. అలాగని బుర్ర బద్దలుకొట్టుకునే పనీ కాదు. చేతికి, చెవికి, ముక్కుకు తలా కాస్త పని దొరుకుతుంది, మిగతా మనసు ఖాళీగా ఉంటుంది. కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస నిలపమంటే రెండో నిమిషానికే ఆఫీసు మెయిళ్లు గుర్తొచ్చే నాలాంటివాళ్లకు, ఈ గరిటె పట్టుకున్నంతసేపే ధ్యానం.

నిజానికి పచ్చి ఓట్స్ అంటూ మన డబ్బాల్లోకి దాదాపు రావు. మిగతా ధాన్యాలతో పోలిస్తే ఈ గింజలో కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వును విరగ్గొట్టే ఎంజైమూ అందులోనే ఉంటుంది. పొట్టు తీసి నలిపితే అవి రెండూ కలిసి కొన్నాళ్లకే చేదెక్కుతుంది. అందుకని మిల్లులోనే ఆవిరి పట్టి ఆ ఎంజైమ్ పని కట్టిస్తారు. ఆపైన గింజను రెండుమూడు ముక్కలుగా కోస్తే స్టీల్‌కట్, అరగంట ఉడకాలి. ఆవిరి పట్టి రోలర్ల కింద నొక్కితే రోల్డ్. ముందే వండి, పలచగా నొక్కి, ఆరబెట్టినవి ఇన్‌స్టంట్. పోషకాలు అన్నింట్లోనూ ఇంచుమించు ఒకటే, అరిగే వేగంలోనే తేడా. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ ఇండెక్స్ స్టీల్‌కట్‌కు 55 దగ్గర ఉంటే ఇన్‌స్టంట్‌కు 75 దాకా పోతుంది. రుచులు కలిపిన ప్యాకెట్లయితే చాలావాటిలో రెండు మూడు చెంచాల చక్కెర కూడా ఉంటుంది. పదకొండింటికల్లా మళ్లీ ఆకలెందుకు వేసేదో నాకు ఆలస్యంగా అర్థమైంది.

కొలెస్ట్రాల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన కూడికల్లో ఓట్స్ మాట వస్తే మందు సీసా గురించి మాట్లాడినట్టు మాట్లాడుతుంటాం. ఇందులోని బీటాగ్లూకాన్ అనే జిగురు పీచు పేగుల్లో పిత్తరసాన్ని పట్టుకుని బయటికి పంపుతుంది. మళ్లీ పిత్తం తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. రోజుకు 3 గ్రాముల లెక్కన ఈ పీచు తింటే గుండెకు మేలని డబ్బా మీద రాసుకోవడానికి అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 1997లో ఒప్పుకుంది. అరకప్పు ఓట్స్‌లో దొరికేది మాత్రం రెండు గ్రాములకు లోపే. ఒక గిన్నె జావ తాగి మాత్రలు మానేద్దామనుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడనివాళ్లు ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉన్న డబ్బానే కొనాలి. పొలంలో, మిల్లులో గోధుమ కలిసిపోవడం మామూలే.

నాకు పడనిది ఇంకోటుంది. ఫొటో కోసం చేసే బౌల్. ఒకవైపు బెర్రీలు వరసగా, మరోవైపు చియా గింజలు, మధ్యలో తేనె ముగ్గు. ఫొటో అయ్యేసరికి జావ చల్లారి దిమ్మకడుతుంది. స్కాట్లండ్‌లోని కార్‌బ్రిడ్జ్ అనే ఊళ్లో 1994 నుంచి జావ కాచే ప్రపంచ పోటీ జరుగుతోంది. సంప్రదాయ విభాగంలో ఓట్స్, నీళ్లు, ఉప్పు, అంతే, నాలుగో వస్తువు వేయకూడదు. గెలిచినవారికిచ్చే బహుమతి పేరు గోల్డెన్ స్పర్టిల్. స్పర్టిల్ అంటే జావ కలిపే గుండ్రటి చెక్క కర్ర. పళ్లూ తేనే గురించి ఊసే లేని పోటీలో కలిపే కర్రకు పట్టం కట్టారంటే వాళ్లకు విషయం తెలుసన్నమాట. నేను ఓ యాపిల్ ముక్కలు, నాలుగు వాల్‌నట్‌లు వేసుకుంటాను, కాదనను.

చంటిపిల్లలున్నవాళ్లు, రాత్రి షిఫ్టు చేసి వచ్చేవాళ్లు ఇదంతా చదివి తిట్టుకుంటారని తెలుసు. వాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. స్టీల్‌కట్‌ను రాత్రి ఉత్త నీళ్లలో ఒక్క నిమిషం మరిగించి, స్టవ్ ఆపి, మూతపెట్టి పడుకోండి. పొద్దున్నే పాలు పోసి వేడిచేసుకుంటే చాలు, కలిపేది అయిదు నిమిషాలే. ఆ అయిదు నిమిషాలు కూడా లేని రోజులుంటాయి. అప్పుడు ప్యాకెటే గతి, తప్పేం లేదు.

తిన్న వెంటనే గిన్నెలో చన్నీళ్లు పోయాలి. ఎండనిచ్చారంటే ఆ మంచి జిగురే బంకలా పట్టి గోళ్లు అరగదీస్తుంది.

మొన్న ఆదివారం నేను లేచేసరికి స్టవ్ దగ్గర మా ఆయన, ఒక చేతిలో గరిటె, రెండో చేతిలో ఫోన్. హాలు దాకా మాడువాసన. “ఏమండీ” అన్నాను. ఆయన తిరిగి చూడలేదు. చన్నీళ్లు పోసి నానబెట్టమని మాత్రం చెప్పి వచ్చాను.