జైలుకెళ్లొచ్చినా వాడు ప్రతిసారీ కొత్తోడే

"జనానికి ఆశ ఎక్కువ, అందుకే మోసపోతారు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పొగాకు వేలం డబ్బులు పడే రోజుల్లో కొండపి వైపు వచ్చి చూడండి. బ్యాంకు అప్పు, కౌలు, కూలీలకు పోగా మిగిలింది పిల్ల పెళ్లికి ఉంటుందని రెండు రూపాయల వడ్డీకి ఇస్తాడు రైతు. ఊళ్లో నడిచే వడ్డీయే అది. దాన్ని ఆశంటారా?

తీసుకున్నవాడు ఏడాది బ్రహ్మాండంగా వడ్డీ కడతాడు. తర్వాత ఐపీ పెడతాడు, అంటే అప్పులు తీర్చలేనని కోర్టులో దివాలా పిటిషన్ వేస్తాడు. కోర్టు నోటీసులో అప్పులవాళ్ల జాబితా, అందులో మన పేరు ముందు ఒక నంబరు. అది చూడగానే డబ్బు పోయిందనుకుని కూలబడతారు. మోసంతో చేసిన అప్పు మాఫీ కాదని 1920 నాటి దివాలా చట్టంలోనే ఉంది. ఆ సంగతి రైతుకు చెప్పేవాడేడీ?

కొందరు గట్టిగా నిలబడి కేసు పెడతారు. వాడు నెల్లూరు దగ్గరి చెముడుగుంట జైల్లో కొన్నాళ్లుండి బెయిలు మీద వస్తాడు. అప్పుడు దిగుతారు మన పెద్దమనుషులు. "వాడి దగ్గరేముంది, రూపాయికి పావలా తీసుకుని సర్దుకోండి" అంటారు. కోర్టు అనుమతిస్తే చీటింగ్ కేసులో రాజీ పడొచ్చు. రాజీ పడితే నిర్దోషిగా వదిలేసినట్టే లెక్క. అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో చట్టం తెచ్చారు. రెండోసారి దోషిగా తేలితే కనీసం 5 ఏళ్లు, పదేళ్ల దాకా జైలు, 10 లక్షల నుంచి 50 కోట్ల దాకా జరిమానా. వినడానికి బాగానే ఉంది. మొదటిసారి శిక్షే పడనివ్వకపోతే రెండోసారి ఎక్కడిది?

బెయిలు మీద వచ్చిన ఆర్నెల్లకు బావమరిది పేరు మీద కొత్త చీటీ, గుడి దగ్గర అన్నదానం ఫ్లెక్సీ. రైతు ఒక్క కిస్తీ ఆలస్యం చేస్తే బ్యాంకులు చూసే సిబిల్ స్కోరులో మచ్చ పడుతుంది, ట్రాక్టర్ లోను కూడా పుట్టదు. ఊరు ముంచినవాడికి మాత్రం ఏ స్కోరూ లేదు. పక్క మండలంలో వాడెవరో కూడా తెలియదు.

చీటీ కట్టమని ఎవరొచ్చినా, ఎంత దగ్గర చుట్టమైనా, చిట్ రిజిస్ట్రార్ ఇచ్చిన అనుమతి కాగితం చూపించమనండి. మొహమాటపడకండి.

పెద్దమనుషులూ, పావలా బేరం మొదలెట్టే ముందు మిగతా ముప్పావలా ఎవరి పేరు మీదకు పోయిందో వాణ్ని అడగండి. అడగలేకపోతే ఆ పంచాయితీకి వెళ్లకండి.